వస్తానన్న మాట ఎక్కడుంటుంది?

కరెంటు పోయింది కదా, ఇక మీకు నేనే దిక్కు. ఈ పక్కకు జరగండి, అటు జల్లు కొడుతోంది. చేతులు ఊరికే పెట్టుకుని కూర్చుంటే మీ నాయనమ్మ ఊరుకోదు. తలా రెండు మక్కపొత్తులు తీసుకుని ఒలవండి. గింజకు గోరు గుచ్చితే మెత్తగా దిగాలి, పాలు మాత్రం చిమ్మకూడదు. అలాంటివే గారెలకు పనికొస్తాయి. ముదిరినవి పక్కన పడేయండి, ఎండబెడదాం.

మీ అక్కను చూశారా, ఆ మూల ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని బ్యాటరీ ఎంత ఉందో చూసుకుంటోంది. యాప్ చేస్తోందట. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా, అటు జహీరాబాద్ దాకా కూడా, ఎక్కడ ఏ జాతర, ఎక్కడ బతుకమ్మ ఆట, ఎవరి రిటైర్మెంటు పార్టీ, బిహార్ వాళ్ల ఛట్ పూజ ఏ చెరువు గట్టు మీద, అన్నీ ఫోన్‌లో చూపించే యాప్. "అలాంటివి వంద ఉన్నాయి కదే బిడ్డా, నీదేంది కొత్త?" అని అడిగాను. "తాతా, ఇందులో లిస్టు నా దగ్గర ఉండదు" అంది. నాకు నవ్వొచ్చింది. లిస్టే లేని యాప్ పప్పు లేని పప్పుచారు లాంటిది కదా! అది ఓపిగ్గా చెప్పింది. నా బుర్రకు ఎక్కడానికి వారం పట్టింది. ఎక్కిన రోజు మాత్రం పొద్దున్నే లేచి దాన్ని నిద్ర లేపి "ఔనే, ఇది మన విత్తనాల కుండ లెక్కనే ఉంది" అన్నాను. తిట్టుకుంటూ దుప్పటి కప్పుకుంది.

కుండ సంగతికి వస్తాను, ముందు డప్పు సంగతి. నా చిన్నప్పుడు ఊళ్లో ఏం జరిగినా చాటింపే. డప్పు కొట్టే పెద్దమనిషి నాలుగు బజార్ల కూడలిలో నిలబడి "రేపు పొద్దుగాల బోనాలహో" అని చాటితే ఊరంతా విన్నట్టే. పొలానికి పోయినవాడు వినకపోతే పక్కింటామె చెప్పేది. తర్వాత మేం ఫ్యాక్టరీల్లో పనికి వచ్చాం. అక్కడ డప్పు బదులు సైరనూ, గేటు పక్కన అద్దాల నోటీసు బోర్డూ ఉండేవి. ఆ బోర్డుకు తాళం, తాళంచెవి టైం ఆఫీసులో. యూనియన్ మీటింగు కాగితం అందులో అతికించాలంటే ఎంత బతిమాలాలో! అప్పుడు తట్టలేదు గానీ ఇప్పుడు అనిపిస్తుంది, కబురు నీదే అయినా బోర్డు ఇంకొకరిదైతే అది ఎంతసేపు ఉంటుందో నీ చేతిలో ఉండదు.

నాకు అలాంటి దెబ్బే ఇంకోటి తగిలింది. మా పాత సి షిఫ్టు వాళ్లం ఏటా ఒకసారి కలుస్తాం. ఎవరో చెబితే ఫోన్‌లో ఒక యాప్‌లో అందరి పేర్లూ పెట్టుకున్నాం. ఎవరు వస్తున్నారు, ఎవరు శాకాహారి, ఎవరికి షుగరు, నాలుగేళ్ల లెక్క అంతా అందులోనే. ఒకరోజు ఆ యాప్ వాళ్లు దుకాణం కట్టేస్తున్నామని మెసేజ్ పెట్టారు. నేను చూసేసరికి గడువు దాటింది. పేర్లు పోయాయి, నంబర్లు పోయాయి. ముప్పై ఏళ్లు పక్కపక్క మిషన్ల మీద పనిచేసిన ఇద్దరు ఎక్కడున్నారో ఇప్పటికీ దొరకలేదు. యాప్ పోతే పోయింది, మనుషుల్నీ వెంట తీసుకుపోయింది.

మన దగ్గర పెళ్లిలో చదివింపుల పుస్తకం ఉంటుంది చూశారా? పందిట్లో ఒక మూల బాబాయో మామయ్యో కూర్చుని "ఫలానావారు 516 రూపాయలు" అని రాసుకుంటూ ఉంటాడు. ఆ పుస్తకం పెళ్లివారిది. దాన్ని చెదలు తింటే ఎవరు ఏం పెట్టారో దేవుడికే తెలియాలి. అయితే మా అమ్మ ఇంకో పని చేసేది. తను ఎక్కడెక్కడ ఎంత చదివించిందో తన సందుగ మూతకు లోపలివైపు బొగ్గుతో గీతలు పెట్టుకునేది. అక్షరం రాదు, లెక్క తప్పదు. పెళ్లివారి పుస్తకం పోయినా అమ్మ సందుగలో లెక్క భద్రం. మీ అక్క చేసే యాప్‌లో అసలు కిటుకు ఆ సందుగ మూతే.

సరే, ఇప్పుడు కుండ. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఉంది. 1983లో మొదలైంది. పి.వి.సతీష్ గారు దాన్ని నడిపించిన పెద్దమనిషి, 2023లో పోయారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పేదింటి ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత మహిళలు, సంఘాలుగా కూడి పాత పంటలు బతికిస్తున్నారు. పచ్చజొన్న, కొర్ర, సామ, తైద, అనుములు, ఒకే చెలకలో పదీ పదిహేను రకాలు. విత్తనం దుకాణంలో కొనరు. బూడిద కలిపి, వేపాకు వేసి, కుండల్లోనో పేడతో అలికిన బుట్టల్లోనో ఎవరింట్లో వాళ్లే దాచుకుంటారు. అవసరమైనవాళ్లకు కొలిచి ఇస్తారు, పంటయ్యాక కొలత పెంచి తీసుకుంటారు. ఒక ఇంట్లో కుండ పగిలినా ఇంకో పది ఇళ్లల్లో అదే విత్తనం ఉంటుంది.

అదే జిల్లాలో ఈ కొసన మన పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది కదా, 1972లో వచ్చింది. అక్కడి జన్యు బ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, ఇంకా చిరుధాన్యాలు కలిపి 1,20,000కు పైగా రకాల విత్తనాలు దాచారు. కొన్ని 4 డిగ్రీల చల్లదనంలో, ఎక్కువకాలం ఉండాల్సినవి సున్నాకు ఇంకా 20 డిగ్రీల కిందన. ఐస్‌క్రీము పెట్టె అంత చల్లగా అన్నమాట. వాటి నకళ్లు నార్వే పైన మంచు కొండలో తవ్విన స్వాల్‌బార్డ్ విత్తనాల ఖజానాకు కూడా పంపారు, అది 2008లో తెరిచారు. ఇథియోపియా, కెన్యా లాంటి దేశాల్లో ఒకప్పుడు సేకరించిన విత్తనాలను మళ్లీ ఆ దేశాలకే ఇక్కడి నుంచి పంపించారు. ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి పటాన్‌చెరు! ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా హైవే మీద బస్సులో పోతూ ఆ కాంపౌండు గోడకు మనసులోనే దండం పెట్టుకుంటాను.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. కుండ ఆమె ఇంట్లో ఉంది, అసలు విత్తనం అక్కడే. పెద్ద బ్యాంకులో ఉండేది నకలు. బ్యాంకు వల్ల లోకానికి ఏ విత్తనం ఎక్కడుందో తెలుస్తుంది. బ్యాంకు తలుపు మూసినా ఆమె రేపు పొద్దున విత్తుకుంటుంది. బ్లూస్కై అనే సోషల్ మీడియా పేరు విన్నారు కదా, అది నిలబడిన పద్ధతి అచ్చం ఇదే. దాన్ని ఏటీ ప్రోటోకాల్ అంటారు. ప్రోటోకాల్ అంటే కంగారు పడకండి, ఊరి కట్టుబాటు అంతే. బండి బాటలో ఎవరు ఎటు తప్పుకోవాలి, అంగడిలో సోల ఎంత, మానిక ఎంత, అలాంటి ఒప్పందం. 2019 డిసెంబరులో ట్విటర్ పెద్ద జాక్ డోర్సీ ఈ పని మొదలుపెడుతున్నామని చెప్పాడు. తర్వాత అది జే గ్రేబర్ అనే ఆవిడ చేతిలో వేరే కంపెనీ అయింది, 2024 ఫిబ్రవరిలో పిలుపు చీటీ లేకుండా ఎవరైనా చేరేలా తలుపులు తెరిచింది. ఇందులో ప్రతి మనిషికీ ఒక కుండ ఉంటుంది. నువ్వు రాసిన మాట, పిలిచిన పిలుపు, వస్తానన్న జవాబు నీ కుండలోనే పడతాయి. అందరి కుండల్లో కొత్తగా ఏం పడిందో చూసి ఊరంతటికీ అందించే మనిషి ఒకడు ఉంటాడు, వాణ్ని రిలే అంటారు. ఆ కబుర్లు ఏరుకుని వండి వడ్డించేది యాప్. మీ అక్క వంటమనిషి మాత్రమే, బియ్యం మీవి. వంట నచ్చకపోతే బియ్యం మూట కట్టుకుని ఇంకో పొయ్యి దగ్గరకు పోవచ్చు.

"మరి కుండ ఎక్కడుంటది తాతా, మన ఫోన్లనా?" మంచి ప్రశ్న. ఫోన్‌లో కాదు రా, ఫోన్ నీళ్లలో పడితే ఎట్లా? ఎప్పుడూ మేలుకుని ఉండే ఒక కంప్యూటరులో. చాలామందివి బ్లూస్కై కంపెనీ దగ్గరే ఉన్నాయి. కావాలంటే నీ ఇంట్లో కంప్యూటరు పెట్టుకుని కుండ అందులోకి మార్చుకోవచ్చు. కుండ మార్చినా నువ్వు నువ్వే, చుట్టాలు పోరు.

ఇది ఎలాగో నా కథే చెబుతాను. నేను ఈ ఇల్లు కట్టి ముప్పై ఏళ్లు దాటింది, ఒక్క అడుగు కదల్లేదు. కట్టినప్పుడు మా అడ్రసు మెదక్ జిల్లా, ఆంధ్రప్రదేశ్, ముందున్నది 9వ నంబరు జాతీయ రహదారి. ఆ రోడ్డు 65వ నంబరు అయింది. 2014లో రాష్ట్రం తెలంగాణ అయింది. 2016 అక్టోబరులో జిల్లా సంగారెడ్డి అయింది. నేను కదల్లేదు, నా చుట్టూ పేర్లన్నీ కదిలిపోయాయి! మా ముసలోళ్లం ఇప్పటికీ "నైన్త్ హైవే" అనే అంటాం అనుకోండి. అడ్రసును పట్టుకుని మనిషిని గుర్తుపడితే ఏమవుతుందో చూశారా?

పీఎఫ్ నంబరుదీ అదే తంటా. పాశమైలారంలో ఒక కంపెనీ, బొల్లారంలో ఇంకో కంపెనీ, మారినప్పుడల్లా కొత్త పీఎఫ్ నంబరు. పాత నంబరులో పడిన డబ్బు కోసం ఫారాలు పట్టుకుని తిరిగి చెప్పులరిగినవాళ్లు ఈ ఫ్యాక్టరీల బెల్టులో ఎంతమందో. 2014 అక్టోబరులో యూఏఎన్ అని పన్నెండంకెల నంబరు వచ్చింది. కంపెనీ ఏదైనా మనిషికి ఒకటే నంబరు. ఏటీ ప్రోటోకాల్‌లోనూ అలాంటిదే ఉంది, డీఐడీ అంటారు. పొడుగాటి నంబరు, ఎవరూ గుర్తుపెట్టుకోలేరు. పిలిచే పేరు వేరే ఉంటుంది, దాన్ని మార్చుకోవచ్చు. ఇంట్లో నిన్ను చిన్నోడా అంటాం, బడిలో ఇంకో పేరు, అయినా వీపు మీద పుట్టుమచ్చ ఒకటే కదా. ఒక్క లోపం చెప్పాలి మరి. ఆ పుట్టుమచ్చల పెద్ద రిజిస్టరు చాలావరకు ఒకే చోట ఉంది. కుండలు ఊరంతా పంచి రిజిస్టరు ఒక్కచోట పెట్టడం నాకు అంత నచ్చలేదు. మీ అక్కతో అంటే "తాతా, నువ్వు యూనియన్ లీడర్ లెక్క మాట్లాడకు" అంది. అంతలో ఒప్పుకుంది కూడా.

కుండల్లో ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు రాసుకుంటే యాప్‌కు అర్థం కావద్దా? ఇక్కడ మళ్లీ ఇక్రిశాట్ దగ్గరకు పోదాం. ఒకే జొన్నను ఒక ఊళ్లో ఒక పేరుతో, ఇంకో ఊళ్లో ఇంకో పేరుతో పిలుస్తారు. అందుకే శాస్త్రవేత్తలు ఒక కాగితం నమూనా ఒప్పుకున్నారు. గింజ రంగు, కంకి తీరు, పూత ఎన్నాళ్లకు, ఏ ఊరి నుంచి తెచ్చారు, ఇలా గళ్లు. సూడాన్ జొన్నకైనా జహీరాబాద్ జొన్నకైనా అవే గళ్లు. ఏటీ ప్రోటోకాల్‌లో ఇలాంటి నమూనాను లెక్సికాన్ అంటారు. వేడుకలకు కూడా కొందరు కలిసి ఒక నమూనా తయారు చేశారు. వేడుక పేరు, వివరం, మొదలయ్యే వేళ, ముగిసే వేళ, ఎక్కడ, మనిషి రావాలా ఫోన్‌లో చూస్తే చాలా, జరుగుతుందా వాయిదా పడిందా రద్దయిందా, ఇవీ గళ్లు. మన శుభలేఖ తీరే. ఏ ప్రెస్సులో అచ్చేసినా వరుడు, వధువు, ముహూర్తం, వేదిక, విందు ఉంటాయి కదా. స్మోక్ సిగ్నల్ అనే యాప్ ఇప్పటికే ఈ నమూనాతో నడుస్తోంది. అందులో ఎవరో పెట్టిన వేడుక మీ అక్క యాప్‌లోనూ కనిపిస్తుంది, అడగాల్సిన పని లేదు.

మీ అక్క ఆ నమూనాకు కింద తనదొక గడి తగిలించింది, ఏ షిఫ్టు వాళ్లకు కుదురుతుందో రాయడానికి. పొద్దున ఆరు నుంచి రెండు దాకా ఏ షిఫ్టు, రెండు నుంచి పది దాకా బి, రాత్రంతా సి. సాయంత్రం ఏడింటికి వేడుక పెడితే బి షిఫ్టు వాడు ఉసూరుమంటాడు, ముప్పై ఏళ్లు ఆ ఉసూరు నాకు తెలుసు. మిగతా యాప్‌లకు ఆ గడి అర్థం కాదు, చూడనట్టు దాటిపోతాయి. శుభలేఖ అడుగున "మా అత్త పెళ్లికి తప్పకుండా రండి" అని పిల్లలు వేయించే లైను లాంటిది. ఉంటే ముచ్చట, చదవకపోయినా పెళ్లి ఆగదు.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి, వస్తానన్న మాట. మామూలు యాప్‌లో నువ్వు "వస్తున్నా" అని నొక్కితే అది యాప్ వాడి పుస్తకంలో పడుతుంది. ఇక్కడ పిలుపు పిలిచినవాడి కుండలో ఉంటుంది, జవాబు వచ్చేవాడి కుండలో ఉంటుంది, మా అమ్మ సందుగ మూత మీద గీతలా. జవాబులు మూడే: వస్తున్నా, చూద్దాం, రాలేను. మన "చూద్దాం"కు లోకమంతా ఒక గడి కేటాయించిందంటే నాకు భలే ముచ్చటేసింది! ఆ జవాబులో రెండు సంగతులుంటాయి. ఏ పిలుపుకు జవాబిస్తున్నానో దాని చిరునామా, ఆ పిలుపు మీద వేసిన ముద్ర.

ముద్ర అంటే కల్లంలో చూసేవాళ్లం. వడ్లు తూర్పారబట్టి రాశి పోశాక రాత్రి ఎవరూ దోసెడు తీసుకోకుండా రాశి చుట్టూ తడిమట్టితోనో బూడిదతోనో ముద్ర వేసేవాళ్లు. గుప్పెడు గింజలు లాగినా రాశి జారుతుంది, ముద్ర చెదురుతుంది, పొద్దున్నే తెలిసిపోతుంది. కంప్యూటరులో పిలుపులోని అక్షరాలన్నిటినీ ఒక లెక్కలో వేసి రుబ్బితే పొడుగాటి గుర్తు ఒకటి వస్తుంది. ఒక్క చుక్క మారినా గుర్తు మొత్తం మారిపోతుంది. అందుకని నువ్వు ఆదివారం గారెలకు వస్తానన్నావనుకో, పిలిచినవాడు తర్వాత గారెలను కాస్తా రక్తదాన శిబిరంగా మార్చాడనుకో, నీ జవాబు పాత ముద్ర పట్టుకునే ఉంటుంది. "నేను వస్తానన్నది దీనికి కాదు" అని గట్టిగా చెప్పొచ్చు. రక్తదానం మంచిదే అనుకోండి.

"గడియారం కథ చెప్పు తాతా" అంటోంది మీ అక్క అక్కడి నుంచి. చెబుతా చెబుతా. మన ముహూర్తాలు అర్ధరాత్రి దాటాక పెడతారు కదా. పత్రికలో ఏమని వేస్తారు? "గురువారం రాత్రి 2 గంటలకు, తెల్లవారితే శుక్రవారం." మన లెక్కలో సూర్యుడు వస్తేనే రోజు మారుతుంది. ఫోన్ లెక్కలో పన్నెండు కొట్టగానే మారుతుంది, దానికి అది శుక్రవారం పొద్దున 2. నాయనమ్మ అక్కతో పెద్ద పేచీ పెట్టుకుంది, గురువారం అని పెట్టమని. ఇంతకీ యాప్ లోపల వేళను మన గడియారంతో దాచదట. డల్లాస్‌లో ఉన్న మీ బాబాయికీ ఇక్కడున్న మనకీ ఒకే వేళ ఉండాలంటే గ్రీన్‌విచ్ లెక్కలో దాచాలి. అది మనకన్నా ఐదున్నర గంటలు వెనక. శుక్రవారం పొద్దున 2లోంచి ఐదున్నర తీసేస్తే ఎంత? వేళ్ల మీద లెక్కపెట్టండి. గురువారం రాత్రి 8.30! లోపల చూస్తే కంప్యూటరు కూడా గురువారం అనే రాసుకుంది. "నేను చెప్పలే?" అని నాయనమ్మ వారం రోజులు ఆ మాటే అంది.

ఈ యాప్ ఆలోచన ఎలా పుట్టిందో చెప్పలేదు కదూ. పస్తాపూర్ సంఘాల వాళ్లు ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర చేస్తారు. ఎడ్లబండ్లకు రంగులేసి, పూలు కట్టి, వాటి మీద విత్తనాల కుండలు, బుట్టలు పేర్చి ఊరూరా తిరుగుతారు. దగ్గర దగ్గర నెల రోజులు, రోజుకో ఊరు. జాతరకు మనం పోవడం మామూలు, జాతరే నడిచి మన దగ్గరకు రావడం చూడండి! మీ అక్కను తీసుకుని ఒకసారి బయల్దేరాను. తేదీ నేనే తప్పు గుర్తుపెట్టుకున్నాను. మేం పోయేసరికి బండ్లు ముందు రోజే తర్వాతి ఊరికి వెళ్లిపోయాయి. చెట్టు కింద ఎడ్లు తిని వదిలిన జొన్న చొప్ప, కొన్ని బంతిపూల రేకులు ఉన్నాయి. ఒక అవ్వ "రాత్రే పోయిండ్రు బిడ్డా" అని మాకు మంచినీళ్లు ఇచ్చింది. తిరుగు బస్సులో మీ అక్క మాట్లాడలేదు. సదాశివపేట దాటాక "తాతా, నడిచే జాతరను ఫోన్‌లో ఎట్ల చూపియ్యాలె?" అంది. అక్కడ మొదలైంది.

ఆ సంఘాల ఆడవాళ్లకు టెక్నాలజీ కొత్తదనుకునేరు. మాచనూరులో వాళ్లకు సొంత రేడియో ఉంది, సంఘం రేడియో, 90.4 మెగాహెర్ట్జ్. 2008 అక్టోబరు 15న మొదలైంది. నర్సమ్మలు ఇద్దరు, జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ, మైకు ముందు కూర్చుని మన యాసలోనే మాట్లాడతారు. లైసెన్సు రాకముందు పదేళ్లపాటు పాటలు, ముచ్చట్లు టేపుల్లో రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించుకునేవాళ్లు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పిచ్చింది. ఆ తీర్పు ఇచ్చినవారిలో జస్టిస్ పి.బి.సావంత్ ఒకరు. పదమూడేళ్ల తర్వాత ఆయనే మాచనూరు వచ్చి ఆ రేడియోను ప్రారంభించారు. తీర్పు రాసిన చేయి దాని పంటను కూడా చూసిందన్నమాట.

మళ్లీ యాప్‌లోకి వద్దాం, కరెంటు వచ్చేలోపు ముగించాలి. రిలే దగ్గర లోకంలో అందరి ముచ్చట్లూ ఏరులా పారుతుంటాయి. పిల్లి వీడియోలు, రాజకీయాలు, తిట్లు, అన్నీ. మీ అక్క యాప్‌కు అవేమీ వద్దు, పిలుపులూ జవాబులూ చాలు. పశువుల అంగడిలో వెయ్యి గొంతులున్నా ఎడ్లు కొనడానికి పోయినవాడి చెవికి ఎడ్ల బేరమే వినిపిస్తుంది చూడండి, అలా చెవిని సవరించి పెట్టింది. సగం పని అక్కడే తగ్గిపోయిందట.

మిగతా సగం మన బెల్టు వల్ల పెరిగింది. మందుల కంపెనీల్లో ఎక్కడ పడితే అక్కడ ఫోన్ తీసుకుపోనివ్వరు. లోపల ద్రావకాలు ఉంటాయి, నిప్పురవ్వ భయం. గేటు దగ్గరో లాకరులోనో పెట్టి పోవాలి. షిఫ్టు దిగి ఫోన్ తీసేసరికి ఎనిమిది గంటల కబుర్లు దాటిపోయి ఉంటాయి. అందుకని ఫోన్ తన దగ్గర ఒక గుర్తు పెట్టుకుంటుంది, ఇక్కడిదాకా చదివాను అని. పుస్తకంలో నెమలీక పెట్టినట్టు. బయటికి రాగానే నెమలీక ఉన్న పేజీ నుంచి మొదలుపెడుతుంది, మొత్తం పుస్తకం మళ్లీ తిరగెయ్యదు. సిగ్నల్ లేని చోటా పనికొచ్చేలా వారం వేడుకలు ఫోన్‌లోనే దాచుకుంటుంది. అయితే జేబులో ఫోన్ టింగుమని మోగడం మాత్రం ఎవరు ఎన్ని కుండలు పెట్టుకున్నా గూగుల్, ఆపిల్ వాళ్ల దారినే రావాలి. ఊరంతా మనదే, ఊరి గంట మాత్రం వాళ్ల గుడిలో ఉంది.

ఇంకో పెద్ద చిక్కు ఉంది. ఈ కుండలకు మూతలు లేవు. ఎవరైనా తొంగి చూడొచ్చు, నువ్వు ఏ వేడుకకు వస్తానన్నావో లోకమంతా చూడొచ్చు. జాతరకు ఫరవాలేదు, జాతర అంటేనే నలుగురూ చూడాలి. యూనియన్ మీటింగుకు? ఆడపిల్ల ఒంటరిగా పోయే చోటుకు? ఊళ్లో లేని సమయం దొంగకు చెప్పినట్టే కదా. మూతలు చేసే పని నడుస్తోందంటున్నారు. అప్పటిదాకా ఈ యాప్‌లో బతుకమ్మ పెట్టు, సీమంతం పెట్టకు అని మీ అక్కకు గట్టిగా చెప్పాను. పిలవని పేరంటానికి వచ్చేవాళ్లూ ఉంటారు. ఎవరైనా ఏ పిలుపుకైనా "వస్తున్నా" అని తన కుండలో రాసుకోవచ్చు, ఆపేవాడు లేడు. వాళ్లను చూపించాలా దాచాలా అన్నది వంటమనిషి చూసుకోవాలి.

అదిగో, మీ అక్క లేచింది. ఏంటే, వచ్చిందా? మొన్న పరీక్ష కోసం మొదటి వేడుక మన ఇంటిదే పెట్టించాను. "ఆదివారం సాయంత్రం, తాత వరండా, మక్క గారెలు." పదకొండు మంది వస్తామన్నారు. డల్లాస్ నుంచి మీ బాబాయి కూడా "వస్తున్నా" నొక్కాడు, వాడికి చిన్నప్పటి నుంచీ నోరూరడమే గానీ వచ్చింది లేదు. నిన్న రాత్రి నాయనమ్మకు మక్కలు చాలవేమోనని అనుమానం వచ్చి, అక్క చేత గారెలు కొట్టేయించి సర్వపిండి అని రాయించింది. ఇప్పుడు పదకొండు జవాబుల పక్కనా "పాత పిలుపుకు ఇచ్చిన జవాబు" అని ఎర్రగా వస్తోందట. ఒక్కరు కూడా కొత్తదానికి ఒప్పుకోలేదు.

నాయనమ్మా, విన్నావా? ఇంకో పది పొత్తులు పంపించు ఇటు.